కోట వెనక స్టడీ హాల్ రివ్యూ: టెస్ట్ సిరీస్‌కి రెండు స్టార్లు, స్వీడన్ పోలీసాయన క్లాసుకి ఐదు

విజయనగరంలో ఎస్సై కోచింగ్ అనగానే జనం అడిగేవి రెండే, ఫీజెంత, సెలెక్షన్లెన్ని. ఆ రెండింటికీ జవాబు వాళ్ళ ఫ్లెక్సీ మీదే ఉంటుంది, నమ్మాలో వద్దో మీ ఇష్టం. నేను రాస్తున్నది కోట వెనక వీధిలో మందుల షాపు మేడ మీద ఉన్న ఒక స్టడీ హాల్ గురించి, అందులోనూ ముఖ్యంగా అక్కడ ఆదివారం మధ్యాహ్నం జరిగే కేసు క్లాసు గురించి. పేరు పెట్టట్లేదు. బాగోలేనివి కూడా రాయబోతున్నాను, పైగా చిన్న సంస్థ, ఇద్దరు అన్నదమ్ములు అప్పు చేసి నడుపుకుంటున్నారు. ఆ వీధిలోకి వెళ్ళి 'పోలీసు సార్ క్లాసు' అంటే ఎవరైనా చూపిస్తారు.

ముందు బాగోలేనివి చెప్పేస్తాను. రీడింగ్ రూమ్‌లో అన్నీ ప్లాస్టిక్ కుర్చీలు, రెండు గంటలు కూర్చుంటే నడుం పట్టేస్తుంది. ఏసీ అని బోర్డు మీద రాశారు గానీ ఆ చల్లదనం ముందు రెండు వరసలకే, వెనకున్నవాళ్ళకి ఫ్యానే దిక్కు, కరెంటు పోతే ఇన్వర్టర్ మీద ఆ ఫ్యాను కూడా తిరుగుతున్నట్టు నటిస్తుంది. బాత్రూమ్ ఒక్కటే, అబ్బాయిలకీ అమ్మాయిలకీ కలిపి. అమ్మాయిలు ఎన్నిసార్లు చెప్పినా 'కట్టించేస్తాం మేడం' అన్న మాటే తప్ప ఒక్క ఇటుక దిగలేదు. టెస్ట్ సిరీస్ మరీ దారుణం. అరిథ్మెటిక్ కీలో తప్పులు, కరెంట్ అఫైర్స్‌లో నిరుటి బిట్లు, ఒక పేపర్లో అయితే ఒకే ప్రశ్న రెండు చోట్ల వచ్చింది, రెండు చోట్లా వేర్వేరు జవాబులు. ఫీజు చెప్పేటప్పుడు 'అన్నీ కలిపే' అంటారు, చేరాక మెటీరియల్‌కి మూడొందలు వేరే అంటారు. అడిగితే 'అది జెరాక్స్ ఖర్చు బావూ, మేమేటి తినేస్తామా' అని నవ్వుతారు. తినరని నాకూ తెలుసు, ఆ మాట ముందే చెప్తే ఏం పోయింది?

ఇంత తిట్టి కూడా మా తమ్ముడిని మళ్ళీ అక్కడే చేర్పించాను, కారణం ఆదివారం క్లాసు. చెప్పేది రిటైర్డ్ పోలీసు ఆఫీసర్. కానిస్టేబుల్‌గా చేరి పైకొచ్చిన మనిషి, జిల్లాలో చాలా స్టేషన్లు తిరిగారు. సెక్షన్ల పాఠం కాదు. ఒక పెద్ద పోలీసు అధికారి ఉద్యోగ జీవితాన్ని తీసుకుని, మొదటి పోస్టింగ్ దగ్గర్నుంచి చివరి రోజు దాకా, ఎక్కడ బాగా చేశాడు, ఎక్కడ కొంప ముంచాడు అని వారాల తరబడి విప్పుతారు. మా బ్యాచ్‌కి వచ్చింది స్వీడన్ ప్రధాని ఓలోఫ్ పాల్మె హత్య కేసు నడిపిన స్టాక్‌హోమ్ పోలీసు చీఫ్ హాన్స్ హోల్మేర్. మొదటి రోజే వెనక నుంచి ఒకడు 'ఇది సిలబస్‌లో ఉందా సార్' అన్నాడు. 'లేదమ్మా. ఇష్టం లేనివాళ్ళు రీడింగ్ రూమ్‌కి పోవచ్చు, డబ్బులు మాత్రం వెనక్కివ్వరు' అన్నారు. ఎవరూ కదల్లేదు, డబ్బులు ఇవ్వరు కదా.

హోల్మేర్ 1930లో పుట్టాడు. లా చదివిన మనిషి, లాఠీ పట్టుకుని బీటు తిరిగి పైకొచ్చినవాడు కాదు. 1970 నుంచి 1976 దాకా స్వీడన్ సెక్యూరిటీ పోలీసు, వాళ్ళు సేపో అంటారు, దానికి అధిపతి. మన ఐబీ లాంటిది అనుకోండి. ఆయన హయాంలోనే 1973లో అక్కడి మిలిటరీ రహస్య గూఢచారి సంస్థ గుట్టు బయటపెట్టిన ఇద్దరు జర్నలిస్టుల్ని అరెస్టు చేశారు, 1975 ఏప్రిల్‌లో స్టాక్‌హోమ్‌లోని పశ్చిమ జర్మనీ ఎంబసీని ఆ దేశపు తీవ్రవాద ముఠా రెడ్ ఆర్మీ ఫ్యాక్షన్ వాళ్ళు ఆక్రమించారు. 1976లో స్టాక్‌హోమ్ జిల్లా పోలీసు కమిషనర్ అయ్యాడు. ఈ భాగాన్ని సార్ అరగంటలో లాగించేశారు. నాకైతే ఇక్కడే ఇంకాస్త ఆగాల్సింది అనిపించింది. ఎందుకంటే తర్వాత జరిగినదానికి విత్తనం ఇందులోనే ఉంది కదా, సెక్యూరిటీ విభాగంలో ఆరేళ్ళు పనిచేసిన మనిషికి ప్రతి హత్య వెనకా ఒక ముఠా, ఒక కుట్ర కనిపించడం వింతేమీ కాదు. అడిగితే 'అది నువ్వు రాసుకో, నేను చెప్పను' అన్నారు. అక్కడ పోలీసు వ్యవస్థ 1965లోనే మున్సిపాలిటీల చేతుల్లోంచి దేశ ప్రభుత్వం కిందికి వెళ్ళిందనీ, మన దగ్గర పోలీసు అంటే రాష్ట్రాల జాబితాలోని అంశమనీ మధ్యలో చెప్పారు, అది జీఎస్‌కి పనికొచ్చే ముక్క, రాసుకున్నాం.

అసలు క్లాసు 1986 ఫిబ్రవరి 28 రాత్రితో మొదలవుతుంది. ప్రధాని ఓలోఫ్ పాల్మె ఆ రోజు బాడీగార్డుల్ని ఇంటికి పంపేశాడు. భార్య లిస్బెత్‌తో కలిసి సినిమా చూసి, స్వేవేగెన్ అనే పెద్ద రోడ్డు వెంట నడుచుకుంటూ ఇంటికి బయల్దేరాడు. రాత్రి 11.21కి టున్నెల్‌గాటన్ సందు మొదట్లో ఎవడో వెనక నుంచి వచ్చి కాల్చాడు. రెండో గుండు లిస్బెత్ వీపు మీద గీసుకుంటూ పోయింది. కాల్చినవాడు సందులోకి దూరి, చివరనున్న మెట్లెక్కి మాయమయ్యాడు. అర్ధరాత్రి దాటిన ఆరు నిమిషాలకి ఆసుపత్రిలో ప్రధాని చనిపోయినట్టు ప్రకటించారు.

సార్ బోర్డు మీద ఈ మ్యాపు గీసి, ఒక పురికొస ఉండ మా ముందు పడేసి, 'ఇదే మన గంటస్తంభం దగ్గర జరిగిందనుకోండి, ఈ గదే రోడ్డు, ఈ కుర్చీయే శవం, తాడు కట్టండి' అన్నారు. నలుగురు లేచి ఆ కుర్చీ చుట్టూ ఇంకో నాలుగు కుర్చీలు వేసి ఠక్కున తాడు చుట్టేశారు. చూడ్డానికి నీటుగానే ఉంది. ఒకమ్మాయి మాత్రం మూడు లాంతర్ల జంక్షన్ దాకా రోడ్డు మూసేయాలి సార్ అంది, ట్రాఫిక్ ఏమవుద్ది అని మిగతావాళ్ళు నవ్వారు. ఈలోగా టీ కుర్రాడు వచ్చాడు. కెటిల్ పట్టుకుని తాడు పక్క నుంచి నడుచుకుంటూ పోయి, అందరికీ కప్పులు పోసి, తలుపు దగ్గర పడున్న నల్ల పెన్ను క్యాప్ తీసి సార్ టేబుల్ మీద పెట్టి, 'ఇది మీదేనా సార్' అన్నాడు. ఒక్కడూ వాణ్ణి ఆపలేదు. ఆ క్యాపే సార్ పొద్దున్నే పడేసిన బుల్లెట్. వాడికి ముందే చెప్పి పెట్టారా, దానంతటదే జరిగిందా అన్నది మా బ్యాచ్‌లో ఇప్పటికీ తేలలేదు.

నిజంగా స్టాక్‌హోమ్‌లోనూ ఇంతే. తాడు కట్టిన జాగా చాలా చిన్నది, జనం పూలు పట్టుకుని దాదాపు మీదికి వచ్చేశారు. రెండు గుళ్ళలో ఒకటి మర్నాడు, ఇంకోటి ఆ తర్వాతి రోజు దొరికాయి, రెండూ పోలీసులకి కాదు, దారిన పోయేవాళ్ళకి. దేశమంతటికీ అలర్ట్ వెళ్ళేసరికి రాత్రి రెండు దాటింది. నగరం బయటికి వెళ్ళే దార్లు మూయలేదు. తుపాకీ ఈ రోజుకీ దొరకలేదు. .357 మ్యాగ్నమ్ రివాల్వర్ గుళ్ళు అని మాత్రం తేలింది.

అప్పుడు హోల్మేర్ ఊళ్ళో లేడు. ఆదివారం జరిగే వాసలోపెట్ అనే 90 కిలోమీటర్ల మంచు స్కీయింగ్ రేసు కోసం బోర్లెంగె వెళ్ళాడు. 1600 మీటర్ల ఈవెంట్‌కే నాలుక బయటపెట్టే మా బ్యాచ్ అంతా ఆ అంకె విని ఒకసారి నోరు తెరిచింది. మర్నాడు ఉదయం స్టాక్‌హోమ్ చేరి దర్యాప్తు పగ్గాలు తనే పట్టుకున్నాడు. హత్య కేసు దర్యాప్తు చేసిన అనుభవం ఆయనకి లేదు, పరిపాలనలో మాత్రం దిట్ట. మన దగ్గర హత్య కేసుకి ఐవో, అంటే దర్యాప్తు అధికారి, మామూలుగా సీఐ, ఎస్పీ పైనుంచి చూస్తాడు గానీ కేస్ డైరీ తనే రాయడు. స్వీడన్ పద్ధతిలో అనుమానితుడు తేలాక దర్యాప్తుని నడపాల్సింది ప్రాసిక్యూటర్. హోల్మేర్ ఆ ప్రాసిక్యూటర్లని పక్కన కూర్చోబెట్టి తనే నడిపాడు. మొదట్లో కేసు చూసిన ప్రాసిక్యూటర్‌కి ఆయనతో పడక తప్పుకున్నాడు. మార్చిలో 33 ఏళ్ళ ఒకాయన్ని పట్టుకున్నారు, నిలబడలేదు, వదిలేశారు.

ఇక్కడ సార్ ఒక ఫోటో జెరాక్స్ పంచారు. హోల్మేర్ ప్రెస్ మీట్‌లో రెండు రివాల్వర్లు చేతుల్లో ఎత్తి చూపిస్తున్న ఫోటో, ప్రపంచమంతా అచ్చయినది. మన మూడొందల జెరాక్స్ పుణ్యమా అని ఆయన రెండు వంకాయలు పట్టుకున్నట్టుంది. సార్ అడిగింది మాత్రం మంచి ప్రశ్న: తుపాకీ దొరకనప్పుడు, ఇలాంటిది అయ్యుండొచ్చు అని చూపించడం వల్ల కేసుకి ఒరిగిందేంటి? ఒక్కొక్కరూ ఒక్కోటి చెప్పారు, సాక్షులకి గుర్తొస్తుందని, జనానికి ధైర్యమని, దొంగకి టెన్షన్ అని. సార్ అన్నీ విని, ప్రెస్ మీట్ల వల్ల హోల్మేర్ ఆ దేశంలో ఇంటింటికీ తెలిసిన మనిషి అయ్యాడు, ప్రతి మీట్‌లో ఏదో ఒకటి చెప్పాలి కాబట్టి చెప్పడానికి ఏదో ఒకటి ఉండాల్సొచ్చింది అన్నారు. బందోబస్తు డ్యూటీల్లో మైకు దొరికితే వదలని ఆఫీసర్లని ఈయన చాలామందినే చూసుంటారు, ఆ ఒళ్ళు మంట గొంతులో తెలుస్తూనే ఉంది.

ఆ 'ఏదో ఒకటి' చివరికి టర్కీలోని కుర్దుల సాయుధ పార్టీ పీకేకే అయింది. ఊరికే పుట్టిన అనుమానం కాదు. 1984లో ఉప్సాలాలో ఒకరు, 1985లో స్టాక్‌హోమ్‌లో ఒకరు, ఆ పార్టీని వదిలేసినవాళ్ళు హత్యకి గురయ్యారు, స్వీడన్ ప్రభుత్వం దాన్ని టెర్రరిస్టు సంస్థగా చూస్తోంది. కాబట్టి ఆ కోణం చూడటం తప్పు కాదు, మిగతా కోణాలన్నీ వదిలేసి నెలల తరబడి మనుషుల్నీ డబ్బునీ అటే పోయడం తప్పు. సినిమా హాల్ దగ్గర, ఆ రోడ్డు మీద ఆ రాత్రి ఎవరెవరున్నారు అన్న మామూలు పని, గుమ్మం గుమ్మం తిరిగి చేసే పని, వెనకబడిపోయింది. 1987 జనవరిలో పెద్ద ఆపరేషన్ పెట్టి ఇరవై మంది దాకా కుర్దుల్ని ఎత్తుకొచ్చారు. ప్రాసిక్యూటర్లు ఇందులో సాక్ష్యమేదీ అన్నారు. దాదాపు అందర్నీ వెంటనే వదిలేయాల్సొచ్చింది. ఆ తర్వాత కొద్ది వారాలకే హోల్మేర్ దర్యాప్తు నుంచి తప్పుకుని, కమిషనర్ పదవికీ రాజీనామా చేశాడు.

అంతటితో అయిపోతే బాగుండేది. ఆయన స్నేహితుడే, ఎబ్బె కార్ల్‌సన్ అనే పుస్తకాల పబ్లిషర్, అదే పీకేకే కోణాన్ని ప్రైవేటుగా తవ్వడం మొదలుపెట్టాడు, అదీ న్యాయశాఖ మంత్రి అండతో. 1988 జూన్‌లో దొంగచాటుగా మాటలు వినే పరికరాలు దేశంలోకి తెస్తూ ఆయన తరఫువాళ్ళు కస్టమ్స్‌కి దొరికారు. మంత్రి అన్నా-గ్రెటా లెయోన్ రాజీనామా చేసింది. ఈ ముక్క చెప్తున్నప్పుడు క్లాసులో ఎవరూ ఫోన్ ముట్టుకోలేదు. హోల్మేర్ తర్వాత డిటెక్టివ్ నవలలు రాసుకుంటూ గడిపాడు, 2002లో పోయాడు.

కేసు మాత్రం నడుస్తూనే ఉంది. 1988 చివర్లో క్రిస్టర్ పెటర్‌సన్ అనే మనిషిని లిస్బెత్ గుర్తుపట్టింది. 1989 జులైలో కింది కోర్టు శిక్ష వేసింది, అదే ఏడాది నవంబర్‌లో పై కోర్టు కొట్టేసింది. గుర్తింపు పరేడ్‌కి ముందే అనుమానితుడు తాగుబోతు అని ఆమెకి తెలిసిపోవడం పెద్ద బొక్క. మన దగ్గర మేజిస్ట్రేట్ ముందు జరిగే టీఐ పరేడ్ నియమాలు సార్ ఇక్కడే చెప్పారు, పుస్తకంలో చదివి మర్చిపోయే పాఠం ఇలా చెప్తే చచ్చినా మర్చిపోం. మొత్తం మీద పదివేల మందికి పైగా మనుషుల్ని విచారించారు. నేనే చంపానని ఒప్పుకున్నవాళ్ళే 134 మంది! ఫైళ్ళు వరసగా పెడితే 250 మీటర్ల షెల్ఫు. 2020 జూన్ 10న ప్రాసిక్యూటర్ కేసు మూసేస్తూ, పక్కనే ఉన్న స్కాండియా ఇన్సూరెన్స్ ఆఫీసు ఉద్యోగి స్టిగ్ ఎంగ్‌స్ట్రోమ్ మీద అనుమానం ఉందని చెప్పాడు. ఆయన 2000లోనే చనిపోయాడు, కాబట్టి విచారణా లేదు, తీర్పూ లేదు.

ఇక్కడే నాకు సార్ మీద ఫిర్యాదు. ఒకే కోణాన్ని పట్టుకుని వేలాడకూడదని వారాల తరబడి చెప్పిన మనిషి, ఎంగ్‌స్ట్రోమ్ దగ్గరికొచ్చేసరికి 'ఇంకెవడు, వాడే' అని తేల్చేశారు. తుపాకీ లేదు, చూసిన సాక్షి లేడు, నోరు తెరిచి తనవైపు చెప్పుకోడానికి ఆ మనిషే లేడు. ఒకమ్మాయి, అదే మూడు లాంతర్ల దాకా మూయమన్నమ్మాయి, 'మరి మీరూ హోల్మేర్‌లాగే మాట్లాడుతున్నారు కదా సార్' అనేసింది. క్లాసంతా గప్‌చుప్. సార్ మొహం ఎర్రబడింది, కాసేపాగి 'రాసుకోండి, అనుమానితుడు, అంతే' అన్నారు. తర్వాతి వారం మళ్ళీ 'వాడే' అన్నారనుకోండి, అది వేరే సంగతి. ప్రశ్న అడిగినందుకు ఎవరినీ చిన్నబుచ్చరు, అది మాత్రం ఒప్పుకోవాలి. మన వైపు కోచింగుల్లో అది తక్కువ.

చివరి క్లాసు ఇంకో స్వీడన్ పోలీసాయన మీద, ఈయన మనకి చుట్టమే. ఓలోఫ్ పాల్మె హత్య జరిగి నెల తిరక్కుండానే, 1986 మార్చి 24న, భారత ప్రభుత్వం స్వీడన్ కంపెనీ బోఫోర్స్‌తో 1,437 కోట్లకి ఫిరంగుల ఒప్పందం చేసుకుంది. మధ్యవర్తులు ఉండకూడదన్నది మాట. 1987 ఏప్రిల్ 16న స్వీడన్ రేడియో లంచాల సంగతి బయటపెట్టింది. ఆ వ్యవహారంలో అక్కడి పోలీసు దర్యాప్తు నడిపింది స్టెన్ లిండ్‌స్ట్రోమ్. 1988 మొదట్లో అక్కడి ప్రాసిక్యూటర్ కేసు మూసేశాడు. తన చేతికొచ్చిన కాగితాలు, 350కి పైగా, లిండ్‌స్ట్రోమ్ రహస్యంగా జర్నలిస్టు చిత్రా సుబ్రమణ్యంకి ఇచ్చాడు. అవే ది హిందూలో వచ్చాయి. 1989లో ఢిల్లీలో ప్రభుత్వమే మారిపోయింది, మన ఆంధ్రలో మాత్రం అదే ఎన్నికల్లో కాంగ్రెస్ ఊడ్చేసింది, అది మన లెక్క. ఆ కాగితాలు ఇచ్చింది తనేనని లిండ్‌స్ట్రోమ్ పాతికేళ్ళ తర్వాత, 2012 ఏప్రిల్‌లో చెప్పాడు. రాజీవ్ గాంధీ లంచం తీసుకున్నాడనడానికి ఆధారం లేదని, కానీ ఈ బేరంలో మధ్యవర్తి అన్న ఆరోపణ ఉన్న ఇటలీ వ్యాపారి కత్రోకీని కాపాడటానికి జరిగినదంతా చూస్తూ ఊరుకున్నాడని, అమితాబ్ బచ్చన్‌కి దీంతో సంబంధం లేదని, ఆ పేరు ఎవరో ఇరికించారని కూడా ఆయనే చెప్పాడు.

కేసు కాగితాలు బయటికివ్వడం పోలీసు చేయొచ్చా అన్న దాని మీద గొడవే అయింది. రేపు యూనిఫాం వేసుకోవాల్సినవాళ్ళు కదా, సగం మంది సస్పెండ్ చెయ్యాలి సార్ అన్నారు. స్వీడన్ ప్రభుత్వం, బోఫోర్స్ కంపెనీ, భారత ప్రభుత్వం, ఈ ముగ్గుర్లో ఎవరూ నిజం తేలనివ్వరని అనిపించే ఇచ్చానని ఆయన చెప్పుకున్నాడు, మరి ఏం చెయ్యాలంటారు అని మిగతా సగం. సార్ తేల్చలేదు. నా మట్టుకు నాకు, కెమెరా ముందు రివాల్వర్లు ఊపినాయన కంటే పాతికేళ్ళు నోరు మూసుకున్న ఈయనే నచ్చాడు. కానీ నా తమ్ముడు ఎస్సై అయ్యాక కేసు కాగితాలు ఎవరికైనా ఇస్తే ఇంట్లో అన్నం పెట్టను, అదీ నిజమే. ఈ క్లాసుకి రెండు వారాలు పెట్టాల్సింది, ఒక్కదాంట్లో కుక్కేశారు, బోఫోర్స్ అనగానే లేచిన ఊపు మధ్యలో బెల్లు కొట్టి ఆపేశారు.

ఎవరికి పనికొస్తుంది అంటే, ప్రిలిమ్స్ ఇంకా దాటనివాళ్ళకి ఇది తొందరపడి కట్టే డబ్బు, ముందు బిట్లు చూసుకోండి, బిట్లకి మాత్రం ఇక్కడికి రావద్దు. ఈవెంట్స్ అయిపోయి మెయిన్స్ కోసం కూర్చున్నవాళ్ళు, గ్రూప్ వన్ ఇంటర్వ్యూకి వెళ్ళేవాళ్ళు, లేదంటే నాలాగా పోటీ పరీక్షల వయసు దాటిపోయి ఊరికే వినాలనుకునేవాళ్ళు కళ్ళు మూసుకుని చేరొచ్చు. కేసు క్లాసు ఒక్కటే కావాలన్నా ఇస్తారు, నెలకి ఆరొందలు, మెటీరియల్ వద్దంటే వద్దని గట్టిగా చెప్పండి, ఆ ఫోటోలు ఫోన్లో దీనికంటే బాగా కనిపిస్తాయి. ముందు వరసలో చోటు కావాలంటే అరగంట ముందే వెళ్ళాలి. బండి కింద మందుల షాపు ముందు పెట్టొద్దు, ఆయన గాలి తీసేస్తాడు, పక్క సందులో పెట్టుకోండి. సిరిమానోత్సవం వారం క్లాసు ఉండదు, కోట చుట్టూ రోడ్లన్నీ బంద్, సార్ కూడా పాత అలవాటు కొద్దీ బందోబస్తు చూడ్డానికి పోతారు. పండగ తర్వాత మొదలయ్యే బ్యాచ్‌కి 1973లో అదే స్టాక్‌హోమ్‌లో ఆరు రోజులు నడిచిన నార్మల్మ్‌స్టోర్గ్ బ్యాంకు కేసు చెప్తారట, స్టాక్‌హోమ్ సిండ్రోమ్ అన్న మాట పుట్టింది అక్కడే. ఫోన్లో పేర్లు రాసుకోరు, మనిషి వెళ్ళాలి, కౌంటర్ సాయంత్రం నాలుగు తర్వాతే తీస్తారు.